సెల్ఫ్ నొక్కే ముందు

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు పెద్ద పెరడున్న ఇళ్లలో, కొబ్బరి చెట్ల కింద రేకుల షెడ్డులో పట్టా కప్పిన పాత అంబాసిడర్ ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తుంది. ఇంటివాళ్లు ఏ హైదరాబాదులోనో ఉంటారు. సంక్రాంతికి వచ్చి, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తాతగారి కారులోనే వెళ్దామని ముచ్చటపడతారు. కొత్త బ్యాటరీ బిగించి, పెట్రోలు పోసి, సెల్ఫ్ నొక్కుతారు. ఏళ్లుగా కదలని ఇంజన్ దెబ్బతినేది సరిగ్గా అప్పుడే.

నాలుగు సిలిండర్ల ఇంజన్ ఏ స్థితిలో ఆగినా ఏదో ఒక సిలిండర్‌లో వాల్వు తెరిచే ఉంటుంది. సైలెన్సర్ గొట్టం మీదుగా బయటి గాలి అందులోకి చేరుతుంది. గౌతమికీ వసిష్ఠకూ నడుమ, కింద బంగాళాఖాతంతో ఉన్న ఈ నేలలో గాలి ఎప్పుడూ తేమే. అంతర్వేది, ఓడలరేవు దగ్గర ఉప్పు కూడా తోడవుతుంది. గోడలకు అంటిన ఆయిల్ పొర మెల్లగా కిందికి జారిపోతుంది. అప్పుడు పోత ఇనుప సిలిండర్‌కు తుప్పు పట్టి, పిస్టన్ రింగులు గోడకు అతుక్కుంటాయి. సెల్ఫ్ మోటారుకు ఇవేమీ తెలియవు. దాని చిన్న పళ్ల చక్రం ఫ్లైవీల్ చుట్టూ ఉన్న పెద్ద చక్రాన్ని తిప్పుతుంది కాబట్టి బలం అనేక రెట్లవుతుంది. అతుక్కున్న రింగు ఆ బలానికి విరిగి గోడను గీరుతుంది.

చేయి అలా కాదు, అడ్డు తగిలితే ఆగుతుంది. పాత అంబాసిడర్లకు హ్యాండిల్ దూర్చే రంధ్రం ముందువైపే ఉంటుంది. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912లో కాడిలాక్ కార్లకు వచ్చినా, మన అంబాసిడర్ మాత్రం హ్యాండిల్‌ను చాలాకాలం వదలలేదు. దాని విలువ స్టార్ట్ చేయడంలో కన్నా పరీక్షించడంలోనే ఎక్కువని నా నమ్మకం.

మొదట గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి, హ్యాండ్‌బ్రేకు వేసి, తాళం తీసేసి, కాయిల్ వైరు ఊడదీయాలి. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో కాస్త ఇంజనాయిల్ పోసి రెండు మూడు రోజులు వదిలేయాలి. తర్వాత హ్యాండిల్‌తో కొద్దికొద్దిగా కదిపి చూడాలి. ప్లగ్గులు లేనందువల్ల గాలి ఒత్తిడి ఉండదు. చేతికి తగిలేది రాపిడి ఒక్కటే. వదులైందనిపించాక నిండు చుట్లు తిప్పాలి, అదీ ఇంజన్ మామూలుగా తిరిగే దిక్కునే. ముందు నిలబడి చూస్తే అది గడియారం ముల్లు తిరిగే వైపు. ఎక్కడైనా గట్టిగా పట్టేస్తే బలం పెంచకూడదు, మళ్లీ ఆయిల్ పోసి ఆగాలి.

1986లోనూ 2022లోనూ వచ్చినట్టు గోదావరి వరద లంకల్ని ముంచినప్పుడు షెడ్డులోని బండి కూడా మునుగుతుంది. అలాంటి బండికి ప్లగ్గులు విప్పకుండా సెల్ఫ్ కొట్టడం మరీ ప్రమాదం. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్‌లో నీళ్లుంటే పైకి వస్తున్న పిస్టన్ వాటిని ఢీకొని ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ప్లగ్గులు తీసి చేత్తో తిప్పితే ఆ నీరు రంధ్రంలోంచి బయటికి చిమ్ముతుంది. ముందుగా పాత ఆయిల్ మార్చాలని వేరే చెప్పక్కర్లేదు.

ప్లగ్గులు తిరిగి బిగించాక అసలు పరీక్ష. అంబాసిడర్‌లో చాలాకాలం వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌ది సుమారు 372 సీసీ. రెండు చుట్లలో నాలుగు సిలిండర్లూ ఒక్కోసారి గాలిని నొక్కుతాయి. అంటే ప్రతి అర చుట్టుకూ హ్యాండిల్ ఒకసారి బరువెక్కాలి. నాలుగింటిలో ఒకటి తేలిగ్గా జారిపోతే ఆ సిలిండర్ గాలి వదిలేస్తోందన్నమాట. ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ తిప్పితే బరువు వచ్చిందా, లోపం రింగులది. రాలేదా, వాల్వులను అనుమానించాలి.

టాపెట్లు సరిచేయడానికీ ఇంజన్‌ను ఇలా హ్యాండిల్‌తో తిప్పడమే పద్ధతి. ఈ ఇంజన్‌లో వరసగా ఎనిమిది వాల్వులు. పూర్తిగా తెరుచుకున్న వాల్వు నంబరును తొమ్మిదిలోంచి తీసేస్తే, అప్పుడు సరిచేయాల్సిన వాల్వు నంబరు వస్తుంది: ఎనిమిదోది తెరుచుకుంటే ఒకటోది, మూడోది తెరుచుకుంటే ఆరోది. మంత్రంలా అనిపించినా దీనికి కారణం ఉంది. ఒకటో పిస్టన్, నాలుగో పిస్టన్ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి, కానీ వాటి పనికి ఒక పూర్తి చుట్టు తేడా. రెండు, మూడు పిస్టన్లదీ అదే తీరు. అందుకే ఒక వాల్వు నిండుగా తెరుచుకున్నప్పుడు దాని జత వాల్వు నిశ్చింతగా మూసుకుని ఉంటుంది. అప్పుడు ఫీలర్ గేజ్ పెట్టి 0.38 మిల్లీమీటర్ల సందు ఉంచాలి.

ఇక హ్యాండిల్‌తోనే స్టార్ట్ చేయాలనుకునేవారు బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచి, కింది నుంచి పైకి లాగాలి. పై నుంచి కిందికి ఒత్తకూడదు. నిప్పురవ్వ ముందుగా పడితే ఇంజన్ వెనక్కి తన్నుతుంది. పైకి లాగే చేయి ఆ దెబ్బకు తెరుచుకుని హ్యాండిల్‌ను వదిలేస్తుంది. బొటనవేలు చుట్టి పట్టుకుంటే అది, లేదా మణికట్టు విరుగుతుంది.