ప్రసవవేదనకు శీతల చికిత్స: ఉపశమనం, పరిమితులు

వ్యాససంగ్రహం: ప్రసవసమయంలో శరీరంపై ఒకచోట కొద్దిసేపు చల్లదనాన్ని ప్రయోగించి నొప్పిని తగ్గించే పద్ధతి శీతల చికిత్స. అది పనిచేసే తీరును, దాని హద్దులను, వేడికే ప్రాధాన్యమిచ్చే తెలుగు కుటుంబాచారాల మధ్య దాని స్థానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ప్రసవవేదన, శీతల చికిత్స, ద్వార నియంత్రణ సిద్ధాంతం, కాపడం, బాలింత.

1. ఉపోద్ఘాతం

గర్భిణి విషయంలో ‘నొప్పులు’ అని బహువచనంలో అంటే చాలు, తెలుగువారికి అది ప్రసవవేదన అని బోధపడుతుంది. నొప్పికి ఇంట్లో చేసే ఉపచారం ‘కాపడం’. ఆ మాట వేడితో ముడిపడినది. జ్వరం వస్తే నుదుటిపై తడిగుడ్డ వేసే కుటుంబమే కాన్పు దగ్గర మంచుగడ్డ అనగానే వెనుకాడుతుంది. బాలింతకు చలి సోకితే సన్నిపాతం కమ్ముతుందన్న భయం ఇందుకు ఒక కారణం.

2. నొప్పి స్వరూపం

ప్రసవం తొలిదశలో గర్భాశయం సంకోచించడం, గర్భాశయ ముఖద్వారం విచ్చుకోవడం నొప్పికి మూలం. ఈ సంకేతాలను వెన్నుపాముకు చేర్చే నాడులే నడుము, పొత్తికడుపు చర్మానికీ సంబంధించినవి. అందువల్ల లోపలి నొప్పి నడుములో తెలుస్తుంది. మలిదశలో శిశువు దిగేకొద్దీ జననమార్గం సాగడం వల్ల కలిగే నొప్పి దీనికి తోడవుతుంది.

3. చల్లదనం పనిచేసే తీరు

చర్మం చల్లబడితే అక్కడి నాడీతంతువులలో సంకేతాల వేగం తగ్గుతుంది. అయితే నడుముపై ఉంచిన మంచు గర్భాశయాన్ని చల్లబరచలేదు. కనుక ఉపశమనానికి మరొక వివరణ అవసరం. 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించిన ద్వార నియంత్రణ సిద్ధాంతం ఆ వివరణకు ఆధారం. స్పర్శ వంటి ఇతర సంవేదనలు వెన్నుపాములోనే నొప్పి సంకేతాలను కొంత అడ్డగించగలవని దాని సారాంశం.

1980లో మెల్జాక్, ఆయన సహపరిశోధకులు బొటనవేలు, చూపుడువేలు మధ్య భాగాన్ని మంచుతో మర్దించి పంటినొప్పి తగ్గడాన్ని నమోదు చేశారు. 2003లో వాటర్స్, రైస్లర్ అదే స్థానంలో మర్దన చేసి ప్రసవవేదన తగ్గినట్లు గుర్తించారు. అయితే ఇందులో పోల్చడానికి వేరొక బృందం లేదు. అందువల్ల ఫలితంలో మంచు పాలెంతో, పక్కన ఒకరు చేయి పట్టుకొని కూర్చోవడం పాలెంతో విడదీసి చెప్పలేము.

4. ప్రయోగం, జాగ్రత్తలు

మంచును గుడ్డలో చుట్టి, కొద్ది నిమిషాలే ఉంచి, మధ్యమధ్య తీసి చర్మాన్ని పరిశీలించాలి. మత్తుమందు వల్ల స్పర్శ తెలియని భాగంపై, చల్లదనం పడనివారిపై దీనిని ప్రయోగించరాదు. ఆమెకు వణుకు పుట్టినా, ఆమె వద్దన్నా వెంటనే ఆపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు నొప్పి ఉపశమనం కోరే ఆరోగ్యవంతులైన గర్భిణులకు మర్దన, వెచ్చని కాపడం వంటి పద్ధతులను సిఫారసు చేశాయి. కాబట్టి కాపడమే హాయి అనే స్త్రీకి మంచును అంటగట్టనవసరం లేదు.

5. ముగింపు

- శీతల చికిత్స నొప్పిని తొలగించదు, కొంత తగ్గించవచ్చు. మందులతో చేసే నొప్పి నివారణకు ఇది ప్రత్యామ్నాయం కాదు.
- బాలింతకు ఒళ్లంతా చలి సోకకూడదన్న ఆచారం వేరు, నొప్పుల వేళ ఒకచోట కొద్దిసేపు చల్లదనం వేరు. ఈ భేదాన్ని నెలలు నిండకముందే ఇంటి పెద్దలకు వివరించడం మేలు.
- ప్రసవవేదన భరించి తీరవలసినదన్న భావన స్త్రీ నోటిని కట్టివేస్తుంది. వేడి కావాలో, చల్లదనం కావాలో, మందు కావాలో ఆమెను అడగడంతోనే ఉపశమనం మొదలుకావాలి.