ఎండ వేసిన అచ్చు

తల్లిదండ్రులకు, పిల్లలకు:

పిల్లలు ఇంటికి తెచ్చే నీలం గుడ్డ మీది తెల్లటి ఆకు బొమ్మ కుంచెతో వేసింది కాదు, ఎండ వేసిన అచ్చు. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన ఈ పద్ధతి పేరు సయనోటైప్.

ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణాలు కలిపి, నూలు గుడ్డకు పూసి, చీకట్లో ఆరబెడతాం. మందు కలిపేది, పూసేది టీచర్లే. పిల్లలు చేతొడుగులు వేసుకుని గుడ్డ మీద వేపరెమ్మ పరిచి, గాజుపలక పెట్టి, ఎండలో ఉంచుతారు. ఎండ తగిలినచోట నీళ్లలో కరగని నీలం ఏర్పడుతుంది. రెమ్మ నీడలో ఉన్న మందు మాత్రం జాడిస్తే పోతుంది. అక్కడ తెలుపు మిగులుతుంది.

ఇంట్లో ఒక్క జాగ్రత్త: ఆ గుడ్డను సబ్బుపొడిలోగానీ, వాషింగ్ సోడాలోగానీ నానబెట్టకండి. క్షారం తగిలితే నీలం వెలిసిపోతుంది. ఉత్త చన్నీళ్లలో జాడించి, నీడలో ఆరేస్తే చాలు. పిల్లల శ్రమ నిలుస్తుంది.