కదలని వడ్రంగిబల్ల

అదనులో మేడి విఱిగినను, కాడి చీలినను ఇంటనే బాగుచేసికొనుటకు గట్టి బల్ల యొకటి కావలయును. బల్ల ఊగినచో చిత్రికపట్టు శ్రమ వ్యర్థమగును. ఉలి జాఱి చేయి తెగును.

తుమ్మకొయ్య యైనను వేపకొయ్య యైనను బాగుగ నారినదై యుండవలెను. పచ్చికొయ్య యెండి కుదించుకొనగా కీళ్లు వదలును. పైచెక్క మందము 3 అంగుళములకు తగ్గరాదు. నిలిచి చేయి జాఱవిడిచినచో మణికట్టు తాకు నెత్తు, సుమారు 32 అంగుళములు, చాలును. కాళ్లకు కుసులు తీసి బెజ్జములలో బిగింపుడు; మేకులనే నమ్మరాదు. చిత్రిక త్రోపు బల్ల నిడివి వెంట నుండును గనుక ఆ ప్రక్కలను వాలుగా ఊతకఱ్ఱలు వేయుడు. కొయ్య జరుగకుండ నొక కొనను అడ్డుచీల నిలుపుడు. ఉలిపని కాలికి సరిగా పైభాగమున చేసినచో దెబ్బ వృథా కాదు.

ఒక్కరికి భారమైనచో నలుగురు సభ్యులు కలసి యొక బల్ల చేయించుకొని, దుక్కులకు ముందే పనిముట్లు సరిచూచుకొనవచ్చును.