ఇంకొకరు నడుము కట్టే వయసు

కెనడాలోని విన్నిపెగ్‌లో జనవరి ఆదివారం చర్చికి బయలుదేరడానికే పావుగంట పడుతుంది. బయట మైనస్ 30 డిగ్రీలు. చీర మీద స్వెట్టరు, దాని మీద మోకాళ్లు దాటే కోటు, ఊలు టోపీ, చేతి తొడుగులు, బరువైన బూట్లు. నా వేళ్లకు కీళ్లనొప్పులు, జిప్పు పట్టు దొరకదు. నా కొడుకు కింద కూర్చుని బూట్ల తాళ్లు కట్టి, లేచి, కోటు జిప్పు గడ్డం దాకా లాగుతాడు. ‘చేతులు లేపమ్మా’ అంటాడు. వాణ్ని ఒకటో తరగతికి పంపేటప్పుడు చొక్కా తొడుగుతూ నేను అన్న మాటే అది.

మొదటి ఏడాది ఆ మాటకు నాకు ఏడుపొచ్చేది. మహబూబ్‌నగర్ జిల్లాలో 34 ఏళ్లు బడిపంతులమ్మను. సంఘంలో స్త్రీల సమాజం నడిపాను, ఆదివారం బడి నడిపాను, ఉపవాస ప్రార్థనలకు పది ఊళ్లు తిరిగాను. మా ఆయన పోయాక కొడుకు వచ్చి ఇక్కడికి తీసుకొచ్చాడు. ఇష్టపడి రాలేదు.

యోహాను సువార్త చివరి అధ్యాయంలో యేసు పేతురుకు ఒక సంగతి చెబుతాడు. పడుచువాడిగా ఉన్నప్పుడు నడుము నీవే బిగించుకుని మనసైన చోటికల్లా తిరిగావు, ముసలివాడివయ్యాక చేతులు చాస్తావు, ఇంకొకరు నడుము బిగించి నీకిష్టం లేని చోటికి తీసుకెళతారు అని. పేతురు ఎలా చనిపోతాడో సూచించడానికి చెప్పిన మాట అని సువార్తలోనే ఉంది. అది చెప్పిన వెంటనే, నా వెంట రా అంటాడు. ఈ కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మంచు బూట్లలో నిలబడి చేతులెత్తిన రోజు వరకూ అది నాక్కూడా చెప్పిన మాటని తోచలేదు.

ముసలితనంలో విశ్వాసం గురించి ప్రసంగం చేస్తే పాస్టర్లు కాలేబును తెస్తారు. 85 ఏళ్లకు కొండసీమ అడిగి తీసుకున్న వీరుడు. నా మనసుకు దగ్గరైనవాడు బర్జిల్లయి. 80 ఏళ్ల ఆ పెద్దాయనను దావీదు రాజు యెరూషలేముకు రమ్మని పిలిస్తే, తిండి రుచి తెలియదు, పాట వినబడదు, నీకు భారమెందుకు, మా అమ్మానాన్నల సమాధి ఉన్న ఊళ్లోనే పోతానని చెప్పి, రాజును నది దాటించి వెనక్కి మళ్లాడు. నేను బర్జిల్లయి లాగా ఉండిపోదామనుకున్నాను. దేవుడు నన్ను పేతురు దారిన నడిపాడు.

ఆ కోపంతోనే మొదటి చలికాలం చర్చికి వెళ్లలేదు. చలి అన్నాను, ఇంగ్లీషు ప్రసంగం అర్థం కాదన్నాను. అసలు సంగతి దేవుడి మీద అలక. తల నెరిస్తే భక్తి దానంతటదే ముదురుతుందని నేనూ అనుకున్నదాన్నే. యెరూషలేములో మందిరం కట్టించిన సొలొమోను మనసు తప్పింది ముసలితనంలోనే కదా.

మాది మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం, మా జిల్లాలో ఎం.బి. చర్చి అంటే అందరికీ తెలుసు. పసితనంలో కాదు, తెలిసి నమ్మాకే బాప్తిస్మం ఇచ్చే సంఘం. 1860లో, ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతంలో పుట్టింది. అక్కడి నుంచే అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో తెలుగునాటికి వచ్చి నల్లగొండలో మిషనరీలుగా పనిచేశారు. అదే ప్రాంతపు మెన్నోనైట్లు 1874 నుంచి విన్నిపెగ్ ఉన్న ఈ మానిటోబాకు వలస వచ్చారు. అలా విన్నిపెగ్ వాళ్లకు పెద్ద ఊరైంది. పరాయి చోటికి వచ్చాననుకున్నాను, తీరా చూస్తే మా పెద్దల చుట్టాల ఊరు. మా శంషాబాద్‌లో డాక్టర్ కేథరీనా షెల్లెన్‌బర్గ్ ఉండేవారు. 1907లో ఈ ఖండం నుంచే మన దేశం వచ్చి, ఆడవాళ్లకు, పిల్లలకు వైద్యం చేసి, 1945లో శంషాబాద్‌లోనే కన్నుమూశారు. ముసలితనమంతా ఆమె మన మట్టిలో గడిపింది. నేనేమో సెంట్రల్ హీటింగ్ ఉన్న ఇంట్లో కూర్చుని అలిగాను.

రెండో ఏడు మా కోడలు నన్ను చర్చిలో బుధవారం కుట్టు పనికి తీసుకెళ్లింది. పన్నెండుమంది ముసలమ్మలు బట్ట ముక్కలు చతురస్రాలుగా కత్తిరించి, అతికి, దుప్పట్లు కడుతున్నారు. మెన్నోనైట్ సెంట్రల్ కమిటీ వాటిని యుద్ధాలతో ఇల్లూ ఊరూ వదిలినవాళ్లకు పంపుతుంది. రష్యా, ఉక్రెయిన్ ప్రాంతాల్లో కరవుతో మాడుతున్నవాళ్లకు అన్నం పెట్టడానికి 1920లో మొదలైన సంస్థ. వాళ్ల చేతుల్లో ఉన్నది చూడగానే నవ్వొచ్చింది. బొంత! మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతే. జిప్పు లాగలేని వేళ్లు దబ్బనం మాత్రం పట్టుకోగలిగాయి.

నా పక్కన కూర్చునే ఆవిడకు 90 దాటాయి. పని ముగిశాక ఆమె జర్మన్‌లో ప్రార్థన చేసేది, తన తల్లి భాష అది. తర్వాత నన్ను మోచేత్తో పొడిచేది. నేను తెలుగులో చేసేదాన్ని. ఒకరి మాట ఒకరికి తెలిసేది కాదు, ‘ఆమేన్’ ఇద్దరం కలిసి అనేవాళ్లం. ఈ మధ్య ఆమె మతిమరుపుతో వృద్ధాశ్రమంలో చేరింది. చూడబోతే నన్ను గుర్తుపట్టలేదు. చేయి పట్టుకుని మా కీర్తన ఒకటి పాడాను. పురుషోత్తమ చౌదరి గారు రాసినది, చిన్నప్పుడు మా అమ్మ నేర్పినది, పుస్తకం అక్కరలేదు. ఆమె పెదవులు కదిపి తన భాషలో ఏదో పాట అందుకుంది, చివరిదాకా ఒక్క మాట తడబడకుండా పాడింది.

ఇప్పుడు నేను చేతులు లేపుతాను. కొడుకు జిప్పు లాగుతుంటే వాడి తల మీద చేయి పెట్టి రెండు మాటలు ప్రార్థిస్తాను. నాకు మిగిలిన సేవల్లో ఇది చిన్నదని నేననుకోను.

తల్లిదండ్రులను తెచ్చుకుని దగ్గర పెట్టుకున్న పిల్లలకు ఒక్క మనవి. మందులు, కోటు, ఇన్సూరెన్సు అన్నీ చూస్తున్నారు, సంతోషం. రాత్రి భోజనం ముందు ప్రార్థన వాళ్లను చేయమనండి, తెలుగులోనే, గట్టిగా. మనవలకు అర్థం కాకపోయినా సరే, పక్కన కూర్చోబెట్టండి.