పాసుపోర్టు ఎవరి సొత్తు?

గల్ఫు దేశములకు కూలికై పోవు మనవారిలో ననేకులు విమానము దిగగనే పాసుపోర్టును పోగొట్టుకొనుచున్నారు. దొంగ యెవడును అపహరింపలేదు. యజమానియో, అతని గుమాస్తాయో దానిని తీసికొని పెట్టెలో నుంచి తాళము వేయుచున్నాడు. భద్రత కొఱకని చెప్పుదురు. ఎవరి భద్రత? జీతము రాకున్నను, దేహము చెడినను, ఇంట తల్లి మరణించినను ఆ కాగితము లేక కదలుటకు వీలులేదు. జగిత్యాల, నిజామాబాదు ప్రాంతముల పురుషులకును, కడప, గోదావరి మండలములనుండి యింటిపనికి పోవు స్త్రీలకును ఈ సంగతి క్రొత్తది కాదు.

శాసనము లేక యీ యన్యాయము జరుగుచున్నదా? కాదు. ఖతారు 2015వ సంవత్సరపు 21వ నంబరు చట్టముచే ఇట్టి యజమానికి 25,000 రియాళ్ల వరకు జుల్మానా విధింపవచ్చును. ఇంటిపనివారి కొఱకు కువైటు 2015లోనే వేఱొక చట్టము చేసినది. ఎమిరేట్సు 2021 నాటి కార్మిక చట్టమును ఇట్టి నిషేధమునే విధించినది.

అయినను ఖతారు చట్టములో కూలి వ్రాతపూర్వకముగా కోరినచో యజమాని పాసుపోర్టు నుంచుకొనవచ్చునట. కువైటు చట్టములో పనివాని సమ్మతి యున్నచో చాలునట. అరబ్బీ రానివానిచే అరబ్బీ కాగితముపై వేయించిన నిశానీ సమ్మతి యగునా? ఏజెంటు కొఱకు అప్పుచేసి పోయినవాడు "ఇయ్యన"ని చెప్పగలడా? పాలేరు నోటుపై వేయు వేలిముద్ర యెట్టిదో ఎఱిగిన మన పాఠకులకు వేఱుగా వివరింప నక్కఱలేదు. ఒప్పందపు కూలీ పద్ధతిని సమర్థించినవారును నాడు ఈ సమ్మతినే చూపిరి. మన పెద్దలు దానిని నమ్మలేదు. 1917లో ఆ యెగుమతి ఆగినది.

ఫిర్యాదు చేయవచ్చును గదా యందురు. నివాసానుమతి యజమానితో ముడిపడియున్నది. పని విడిచి వెలికి వచ్చినచో "పారిపోయినా"డని యజమాని తెలుపును. అంతట నేరస్థుడు కూలియే! బలహీనుడే వాదియై నిలువవలెనను శాసనము బలహీనునకు రక్ష కానేరదు.

కావున వాది మాఱవలెను. మన 1967 నాటి పాసుపోర్టుల చట్టము 17వ విభాగము ననుసరించి పాసుపోర్టు సర్వకాలములందును కేంద్ర ప్రభుత్వపు సొత్తు. తన సొత్తును పరుడు పెట్టెలో దాచుకొనుచుండ సొత్తుగలవాడు మౌనము వహింపవచ్చునా? కూలి పేరు బయటపెట్టక మన రాయబార కార్యాలయమే ఫిర్యాది కావలెను. సమ్మతి యను సందును మూయుమని ఆ ప్రభుత్వములను కోరవలెను. ఇంటిపనివారు తమ పత్రములను తమకడనే యుంచుకొను హక్కును 2011వ సంవత్సరపు 189వ అంతర్జాతీయ కార్మిక ఒడంబడిక చాటినది. మన దేశము దానిని ఆమోదింపవలెను.

ఇంకొక మాట. ఉద్యోగమిచ్చి, యువకుల అసలు పట్టాలను తమ బీరువాలలో నుంచుకొను యజమానులు మన పట్టణములలోను కలరు. పరుల పెట్టె తెఱువుమనుటకు ముందు మన బీరువా తాళము తీయుదము.