బ్యాకప్ ఉందిలే అనుకున్నాం

పోయిన సెలవుల్లో మన క్లబ్ పాత వెబ్‌సైట్ రెండు రోజులు తెరుచుకోలేదు, గుర్తుందా? "సర్వర్ మెయింటెనెన్స్" అని గ్రూపులో మెసేజ్ పెట్టింది నేనే. అది మెయింటెనెన్స్ కాదు. సర్వర్‌ని నేనే చెరిపేశాను. చాలావరకు తిరిగొచ్చింది కానీ కొన్ని రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి చాలా చదవాల్సి వచ్చింది. చదివింది మీకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నా తెలుగులో తప్పులుంటే ఎడిటర్ అక్క దిద్దుతుంది, సర్వర్‌లో తప్పులు మాత్రం ఎవరూ దిద్దలేరు.

ఏం జరిగిందంటే

మన సైట్ క్లౌడ్‌లో ఒక వర్చువల్ మెషీన్ మీద ఉండేది. స్టూడెంట్ క్రెడిట్స్ అయిపోతున్నాయని దాన్ని చిన్న మెషీన్‌కి మార్చాలనుకున్నాం. పాసైపోయిన సీనియర్ అన్న నాకు అప్పజెప్పినప్పుడే చెప్పాడు: "రోజూ రాత్రి స్నాప్‌షాట్ పడుతుంది తమ్ముడూ, టెన్షన్ పడకు." నేను పడలేదు. స్నాప్‌షాట్ ఉందో లేదో చూశాను, ఉంది. పాత మెషీన్‌ని డిలీట్ కొట్టాను. స్నాప్‌షాట్ నుంచి కొత్తది తయారుచేశాను. సైట్ తెరుచుకుంది. కథలు, కవితలు, కామెంట్లు అన్నీ ఉన్నాయి. ఫొటోలున్న చోట, ఆడియో ఉన్న చోట మాత్రం ఖాళీ డబ్బాలు కనిపించాయి.

పాత మెషీన్‌కి ఒకటి కాదు, రెండు డిస్కులున్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్ మొదటి దాంట్లో ఉంటే, అప్‌లోడ్ చేసిన ఫైళ్ళన్నీ రెండో దాంట్లో ఉన్నాయి. స్నాప్‌షాట్ పడుతున్నది మొదటి డిస్కుకే. రెండో డిస్కుకి "మెషీన్‌తో పాటే డిలీట్ చెయ్యి" అనే టిక్ పెట్టి ఉంది. అది ఎవరు పెట్టారో తెలీదు. నేను చూడకుండా డిలీట్ కొట్టాననేది మాత్రం తెలుసు.

వర్చువల్ మెషీన్ అంటే చివరికి ఒక ఫైలే

క్లౌడ్ అంటే ఎక్కడో ఒక పెద్ద బిల్డింగ్‌లో ఉన్న అసలు కంప్యూటర్లే. ఒక్కో పెద్ద కంప్యూటర్‌ని హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ చిన్న చిన్న వాటాలుగా పంచుతుంది. ఒక్కో వాటా తానే ఒక సొంత కంప్యూటర్ అనుకుంటుంది. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ లాగా అన్నమాట. ఆ వాటాకి కనిపించే హార్డ్ డిస్క్ కూడా నిజమైన డిస్క్ కాదు, నెట్‌వర్క్ అవతల స్టోరేజ్‌లో ఉన్న పొడవాటి బ్లాకుల వరస.

ఇందులో ఒక లాభం ఉంది. డిస్క్ అంటే బ్లాకుల వరస కాబట్టి, మెషీన్ నడుస్తుండగానే దాన్ని ఫొటో తీసినట్టు కాపీ పట్టొచ్చు. అదే స్నాప్‌షాట్. మొదటిసారి వాడిన బ్లాకులన్నీ కాపీ అవుతాయి. తర్వాతి నుంచి మారినవే కాపీ అవుతాయి. అందుకే 50 జీబీ డిస్కుకి రోజూ స్నాప్‌షాట్ పెట్టినా రోజూ 50 జీబీకి బిల్లు రాదు.

అయితే స్నాప్‌షాట్ డిస్కుని చూస్తుంది, మనిషి పనిని చూడదు. డేటాబేస్ కొంత సమాచారం డిస్కులో రాసి, కొంత ఇంకా మెమరీలోనే పట్టుకుని ఉన్నప్పుడు స్నాప్‌షాట్ పడిందనుకోండి. ఆ కాపీ నుంచి లేపితే, కరెంట్ పోయి మళ్ళీ వచ్చిన కంప్యూటర్ లాగా లేస్తుంది. దీన్ని క్రాష్ కన్సిస్టెంట్ అంటారు. మంచి డేటాబేస్‌లు మార్పుల చిట్టా ఒకటి విడిగా రాసుకుంటాయి కాబట్టి చాలాసార్లు అవే సర్దుకుంటాయి. డేటాబేస్ ఒక డిస్కులో, దాని చిట్టా ఇంకో డిస్కులో ఉండి, రెండిటికీ వేర్వేరు నిమిషాల్లో స్నాప్‌షాట్ పడితే మాత్రం సర్దుకోవడం కష్టం. అందుకే స్నాప్‌షాట్‌కి ముందు డేటాబేస్‌ని ఒక్క క్షణం ఆపి మెమరీలో ఉన్నదంతా డిస్కులోకి రాయించడం, లేదా డేటాబేస్‌ని విడిగా డంప్ తీసి దాచడం మంచిది. అలా పట్టిన దాన్ని అప్లికేషన్ కన్సిస్టెంట్ అంటారు.

ఐదు దారులు, ఐదూ మూసుకున్నాయి

నాకు ఇలా జరిగాక గిట్‌ల్యాబ్ కథ చదివాను. మనం కోడ్ దాచుకునే గిట్‌హబ్ లాంటిదే గిట్‌ల్యాబ్ కూడా. 2017 జనవరి 31 రాత్రి వాళ్ళ ఇంజనీర్ ఒకరు రెండో డేటాబేస్ సర్వర్‌లో ఒక ఫోల్డర్ తుడిచేద్దామని కమాండ్ కొట్టారు. అది కొట్టింది అసలు సర్వర్‌లో. ఒకటి రెండు సెకన్లలో తెలుసుకుని ఆపారు. అప్పటికే దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది.

సరే, బ్యాకప్ ఉంది కదా? రోజూ తీసే డేటాబేస్ డంప్ కోసం వెతికితే, దాచాల్సిన చోటు ఖాళీగా ఉంది. డంప్ తీసే ప్రోగ్రామ్ 9.2 వెర్షన్‌ది, డేటాబేస్ 9.6 వెర్షన్‌ది. రోజూ ఫెయిల్ అవుతూనే ఉంది. ఫెయిల్ అయిందని వెళ్ళాల్సిన మెయిల్స్‌ని కూడా మెయిల్ సర్వర్ తిరస్కరించింది. క్లౌడ్ డిస్క్ స్నాప్‌షాట్లు డేటాబేస్ సర్వర్లకి పెట్టనే లేదు. బ్యాకప్‌కి, రెప్లికేషన్‌కి కలిపి ఐదు పద్ధతులు ఉంటే, ఒక్కటీ ఆ రాత్రి నమ్మేలా లేదని వాళ్ళే బయటికి చెప్పారు.

చివరికి కాపాడింది, అంతకు దాదాపు 6 గంటల ముందు ఒక ఇంజనీర్ టెస్టింగ్ కోసం చేత్తో తీసుకున్న ఒక స్నాప్‌షాట్. అంటే అదృష్టం. ఆ కాపీ వెనక్కి తెచ్చి సైట్ లేపడానికి దాదాపు 18 గంటలు పట్టింది. ఆ పనిని వాళ్ళు యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. దాచిపెట్టకుండా అంతా రాసినందుకే ఈ రోజు నాలాంటివాడు చదివి నేర్చుకోగలుగుతున్నాడు. "మెయింటెనెన్స్" అని మెసేజ్ పెట్టిన నాకు ఇది చదివి కాస్త సిగ్గేసింది.

మా అమ్మమ్మ వేసవిలో పెట్టిన ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి పైన పెట్టేస్తుంది, కానీ మధ్యమధ్యలో తెరిచి చూస్తుంది. బూజు పట్టిందో లేదో జాడీని బయట నుంచి చూస్తే తెలీదు. బ్యాకప్ కూడా అంతే. లిస్టులో పచ్చ టిక్ కనిపిస్తే లోపల సరుకు బాగున్నట్టు కాదు.

డూప్లికేట్ తాళంచెవి ఇంట్లోనే పెడితే

ఎంత బాగా తీసినా, ఎక్కడ దాచామన్నది ఇంకో ప్రశ్న. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్‌లో మంటలు లేచాయి. ఐదంతస్తుల బిల్డింగ్ ఒకటి పూర్తిగా కాలిపోయింది, పక్క బిల్డింగ్‌లో కొంత భాగం పోయింది. అదృష్టం కొద్దీ మనుషులెవరికీ ఏం కాలేదు. బ్యాకప్ కోసం విడిగా డబ్బు కట్టిన కొందరు కస్టమర్ల డేటా కూడా పోయింది, ఎందుకంటే బ్యాకప్ ఉన్నదీ అక్కడే. తాళంచెవికి డూప్లికేట్ చేయించి, దాన్ని ఇంట్లో బీరువాలో పెట్టి, బయట తాళం వేసుకున్నట్టు.

దూరంగా పెడితే చాలా? అదీ చాలదు. కోడ్ స్పేసెస్ అని ఒక కంపెనీ ఉండేది. 2014 జూన్‌లో ఎవరో వాళ్ళ అమెజాన్ క్లౌడ్ అకౌంట్‌లోకి దూరి డబ్బులడిగారు. కంపెనీ వాళ్ళు పాస్‌వర్డులు మార్చి అతన్ని బయటికి నెట్టబోతే, అతను మెషీన్లు, డిస్కులు, స్నాప్‌షాట్లు, బ్యాకప్‌లు వరసగా డిలీట్ చేస్తూ పోయాడు. కంపెనీ మూతపడింది. అసలు, నకలు రెండిటికీ తాళం ఒకటే కావడం వల్ల ఇలా అయింది.

అందుకే 3-2-1 అని ఒక పాత లెక్క ఉంది. మొత్తం 3 కాపీలు ఉండాలి. అవి 2 రకాల స్టోరేజ్‌లో ఉండాలి. 1 కాపీ వేరే చోట ఉండాలి. క్లౌడ్ కాలంలో "వేరే చోట" అంటే వేరే రీజియన్ మాత్రమే కాదు, వేరే అకౌంట్ కూడా. స్నాప్‌షాట్ మామూలుగా అది తీసిన రీజియన్‌లోనే ఉండిపోతుంది. ఇంకో రీజియన్‌కి కాపీ అవ్వాలంటే మనమే పెట్టాలి. చెప్పిన గడువు దాకా ఎవరూ చెరపలేకుండా లాక్ చేసే స్టోరేజ్ కూడా దొరుకుతుంది. ర్యాన్సమ్‌వేర్ వచ్చాక దాని విలువ పెరిగింది.

రెండు ప్రశ్నలు ముందే వేసుకోండి

మొదటిది: ఎంతసేపటి పని పోతే తట్టుకోగలం? రోజుకోసారి రాత్రి బ్యాకప్ తీస్తే, సాయంత్రం సర్వర్ పోయినప్పుడు ఆ రోజు పనంతా పోయినట్టే. మన మ్యాగజైన్‌కి ఒక రోజు పోయినా పర్లేదు. బ్యాంక్‌కి ఒక నిమిషం కూడా ఎక్కువే. దీన్ని ఆర్‌పీవో అంటారు.

రెండోది: మళ్ళీ లేవడానికి ఎంత టైమ్ పట్టొచ్చు? దీన్ని ఆర్‌టీవో అంటారు. లైసెన్స్ ఇచ్చే ఆర్‌టీవో కాదు, అయినా ఎదురుచూపులు మాత్రం రెండిట్లోనూ ఉంటాయి. ఇంటర్వ్యూల్లో ఈ రెండూ అడుగుతారని సీనియర్లు చెప్తుంటారు. డెఫినిషన్ కన్నా లెక్క ముఖ్యం. 500 జీబీ బ్యాకప్‌ని సెకనుకి 50 ఎంబీ వేగంతో వెనక్కి తెస్తే 10,000 సెకన్లు, అంటే దాదాపు 2 గంటల 47 నిమిషాలు. ఇది కాపీకి పట్టే టైమే, మిగతా పని వేరే. పైగా అమెజాన్‌లో స్నాప్‌షాట్ నుంచి చేసిన డిస్క్ వెంటనే కనిపించినా, బ్లాకులు మనం మొదటిసారి చదివినప్పుడు వెనక నుంచి దిగుతుంటాయి. కాబట్టి మొదట్లో చాలా స్లోగా ఉంటుంది. అది తెలీకపోతే రీస్టోర్ చెడిపోయిందని కంగారు పడతాం.

రికవరీ చేసే వరస

ఇప్పుడు మేము నెలకోసారి క్లబ్ రూమ్‌లో కూర్చుని ఇది చేస్తున్నాం. దాదాపు గంట పని.

1. ముందు ఏదీ డిలీట్ చెయ్యం. పాడైన మెషీన్‌ని ఆపుతాం, అంతే.
2. ఆ మెషీన్‌కి ఎన్ని డిస్కులున్నాయో పేపర్ మీద రాసి, ఒక్కోదానికీ స్నాప్‌షాట్ ఉందో లేదో పక్కన టిక్ పెడతాం. నాకు తప్పిపోయిన మెట్టు ఇదే.
3. స్నాప్‌షాట్‌ని పాత డిస్క్ మీదకి రుద్దకుండా కొత్త డిస్కులు తయారుచేస్తాం. తేడా వస్తే పాతది ఉంటుంది.
4. కొత్త మెషీన్‌కి వాటిని తగిలించి, ఫైల్ సిస్టమ్ చెక్ నడిపి, డేటాబేస్ లేపుతాం.
5. సైట్ తెరుచుకుంటే చాలదు. పాత సంచిక నుంచి ఒక కథ, ఒక ఫొటో, ఒక ఆడియో తెరిచి చూస్తాం, వింటాం.
6. అన్నీ సరిగ్గా ఉంటేనే డొమైన్ పేరుని కొత్త మెషీన్ వైపు తిప్పుతాం. ప్రాక్టీస్ అయితే ఇక్కడ ఆపి, కొత్త మెషీన్ తీసేస్తాం. లేదంటే బిల్లు వస్తుంది.
7. ఎంత టైమ్ పట్టిందో నోట్‌బుక్‌లో రాస్తాం. పాస్‌వర్డులు ఎవరి దగ్గర ఉన్నాయో, ఆ మనిషి ఫోన్ ఎత్తకపోతే ఎవరికి చెయ్యాలో కూడా అందులోనే ఉంటుంది. ఆ నోట్‌బుక్ మాత్రం సర్వర్‌లో దాచం.

పోయినవి

మా తప్పు వల్ల 9 ఆడియో ఫైళ్ళు పోయాయి. 3 మాత్రం పాత వాట్సాప్ గ్రూపుల్లో దొరికాయి. ఫొటోలు చాలావరకు సీనియర్ల ఫోన్లలో ఉన్నాయి, అడిగి తెచ్చుకున్నాం. దొరకని 6 ఆడియోల్లో రెండు మన మెస్‌లో పనిచేసిన ఆంటీ పాడిన నాట్ల పాటలు. గిన్నెలు కడిగే చోట నిలబడి, "ఇప్పుడా బాబూ" అంటూనే పాడిందట. నేను చేరకముందు సంగతి. ఆమె పని మానేసి ఊరెళ్ళిపోయింది. ఫోన్ నంబర్ ఎవరి దగ్గరా లేదు. పాటల మాటలు డేటాబేస్‌లో ఉన్నాయి, కాబట్టి అవి మిగిలాయి. గొంతు రెండో డిస్కులో ఉంది.

ఈ మాట క్లబ్‌లో చెప్తే తెలుగు సార్ అన్నమయ్య సంగతి చెప్పారు. ఆయన కీర్తనలు వేలకొద్దీ రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో ఒక అరలో దాచారు. వందల ఏళ్ళ తర్వాత 20వ శతాబ్దంలో అవి బయటికొచ్చాయి, పండితులు చదివి అచ్చు వేయించారు. రాగికి చెద పట్టదు, కాబట్టి స్టోరేజ్ అద్భుతం. కానీ రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. చాలా కీర్తనలకి ఆయన పాడిన వరస మనకి తెలీదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటివాళ్ళు కొత్తగా స్వరపరిస్తే పాడుకుంటున్నాం. "రెండో డిస్కుకి మీరూ స్నాప్‌షాట్ తియ్యలేదు కదరా" అన్నారు సార్. క్లౌడ్ గురించి ఆయనకి నేను చెప్పింది పది నిమిషాలే.

మీ ప్రాజెక్ట్ ఏ క్లౌడ్‌లో ఉన్నా, ఈ ఆదివారం ఒక గంట పెట్టి రీస్టోర్ చేసి చూడండి. ఇంకో విషయం. ఆ మెస్ ఆంటీ ఊరు గానీ, నంబర్ గానీ ఎవరికైనా తెలిస్తే క్లబ్ వాళ్ళకి చెప్పండి. ఫోన్ తీసుకుని మేమే వెళ్తాం. ఈసారి మూడు కాపీలు చేస్తాం.