జొన్నరొట్టెయు అండాశయ రుగ్మతయు

1935లో చికాగో వైద్యులు స్టెయిన్, లెవెంథాల్ అనువారు ఏడుగురు స్త్రీలలో గమనించి వర్ణించిన రుగ్మతనే నేడు పీసీఓఎస్ అందురు. ఋతుక్రమము తప్పుట, మొగమున రోమములు, సంతానము ఆలస్యమగుట దాని లక్షణములు. అండాశయమున కనిపించు నీటిబుడగలు నిజమునకు పక్వము కాక నిలిచిన అండకోశములే.

పలువురిలో దేహము ఇన్సులిన్‌కు సరిగా లొంగదు. అందుచే రక్తమున ఇన్సులిన్ పెరిగి, అండాశయముచే పురుష హార్మోనులను హెచ్చుగా స్రవింపజేయును. కనుక కంచములో ఏమున్నదను ప్రశ్న ఇచట చిన్నది కాదు.

మర్రిగూడ వంటి నల్లగొండ మెట్టపల్లెలలో పూర్వము జొన్నరొట్టె, గటక, అంబలి నిత్యాహారము. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినది. ఆకలి తీర్చిన ఆ బియ్యమును నిందించుట కృతఘ్నత. అయినను కంచమంతయు తెల్లన్నమే అయినప్పుడు పప్పుకూరలకు చోటెక్కడిది? పాలిష్ బియ్యముకన్న జొన్నలో పీచు హెచ్చు. రక్తమున చక్కెర నెమ్మదిగా ఎక్కును.

అట్లని జొన్న మందు కాదు సుమా! ఏ ఒక్క ఆహారపద్ధతియు తక్కినవానికన్న మేలని రుజువు కాలేదనియే 2023 అంతర్జాతీయ మార్గదర్శకముల మాట. స్థూలకాయులు బరువులో 5 నుండి 10 శాతము తగ్గినను ఋతుక్రమము కుదుటపడవచ్చును. బక్కపలుచని బాలికలకును ఈ రుగ్మత వచ్చును. వారిని పస్తులుంచుట హాని. అన్నము కొంత తగ్గించి కందిపప్పు, పుంటికూర, ఒక గ్రుడ్డు చేర్చవచ్చును. "పెండ్లయిన అదే సర్దుకొనును" అను పెద్దల మాట మాత్రము ఏ వైద్యగ్రంథమునను లేదు.